సవరణ: బడి కిటికీలు ఎప్పుడు తెరుచుకోవాలి?

కావలి దగ్గరి ఒక ప్రభుత్వ పాఠశాలకు మోటారు కిటికీలు అమర్చడం గురించి గతంలో రాస్తూ, గది వేడెక్కగానే అవి తెరుచుకుంటే చల్లబడుతుందని చెప్పాను. అది తప్పు. బయటి గాలి లోపలి గాలికంటే చల్లగా ఉన్నప్పుడే ఆ మాట నిజమవుతుంది. ఒంటిపూట బడుల రోజుల్లో పదకొండు దాటాక కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది; ఆ వేళ రెక్కలన్నీ తెరవడమంటే వడగాలిని పిల్లల మీదికి పిలవడమే.

కాబట్టి లోపలి, బయటి ఉష్ణోగ్రతలు రెండింటినీ పోల్చే సెన్సార్లు ఉండాలి. బయట వేడి ఎక్కువైనప్పుడు, పిల్లలు వదిలే కార్బన్ డయాక్సైడ్ పేరుకోకుండా చాలినంత సందు మాత్రమే ఉంచి, రాత్రిపూట కింది కిటికీలనూ పై వెంటిలేటర్లనూ బార్లా తెరవాలి. వేడిగాలి తేలికై పైనుంచి పోతుంటే చల్లగాలి కిందనుంచి చేరి, పగలంతా శ్లాబూ గోడలూ దాచుకున్న వేడిని లాగేస్తుంది. ఈ రాత్రి గాలి గురించి ఒక్క ముక్కైనా రాయకపోవడమే నా పోస్టులోని పెద్ద లోపం.

చినుకు పడగానే కిటికీలు మూయించే వాన సెన్సారు ఉన్నా లేకున్నా ఫరవాలేదని ఆ పోస్టులో రాసిన మాటనూ వెనక్కి తీసుకుంటున్నాను. కావలి ఉన్న నెల్లూరు జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలే ప్రధానం, తుపాన్లూ ఎక్కువగా అప్పుడే వస్తాయి. రాత్రి తెరిచి ఉంచే కిటికీలకు ఆ సెన్సారూ, గట్టి గ్రిల్లూ, దోమతెరా తప్పనిసరి. కరెంటు పోయినప్పుడు చేత్తో మూసే పిడి కూడా ఉండాలి.