కేబుల్‌కి కాడి మరిపే విధానం

నల్లగొండలోని మా బావ ఇంట్లో తొమ్మిది రోజుల పాటు ఎవరూ గట్టిగా తుమ్మలేదు. కొత్త కేబుల్ పండుతోంది మరి.

అజ్ఞానుల కోసం వివరం. స్టీరియో ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కి వెళ్లే తీగ, రెండు మీటర్లు, 42,000 రూపాయలు. డబ్బాలోంచి తీసి తగిలించగానే అది సరిగా పాడదట. కోడెకు కాడి మరిపినట్టు రాగికి సంగీతం మరపాలట, అంటే అలవాటు చెయ్యాలట, ఆపకుండా 200 గంటలు. ఉత్త పాటలు చాలవు కాబట్టి ప్రత్యేకమైన రొద ఒకటి పెడతారు. వింటే అచ్చం రేకుల మీద వాన.

మొదటిరోజే అత్తమ్మ డాబా మీది మిరపకాయలు కిందికి దించింది. బయట మండే ఎండ. వాన కాదని చెబితే మళ్లీ ఎక్కించింది. మధ్యాహ్నం కునుకు తీసి లేచి, మళ్లీ దించింది. తీగ నేలకు తగిలితే శబ్దం పాడవుతుందని బావ దాన్ని చిన్న చిన్న చెక్క దిమ్మెల మీద పడుకోబెట్టాడు. మూడోరోజు ఒక దిమ్మె మాయమైంది. ఇల్లంతా గాలిస్తే వంటింటి తలుపు కింద దొరికింది, గాలికి కొట్టుకోకుండా మా అక్క పెట్టింది. నాలుగోరోజు కరెంటు పోయింది. బావ లైన్‌మన్‌కి ఫోన్ చేసి అర్జెంటన్నాడు.

"ఇంట్ల పేషెంట్ ఉన్నరా సార్?"

"కాదు, కేబుల్."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఇరవై నిమిషాల్లో కరెంటొచ్చింది గానీ, ఈలోగా రాగి ఎంత మరిచిపోయిందో ఏమో, బావ లెక్కకు ఇంకో 10 గంటలు కలిపాడు.

తీగ మీద బాణం గుర్తు కూడా ఉంది, సంగీతం ఇటునుంచి అటు పోవాలని. స్పీకర్ తీగలో సిగ్నల్ సెకనుకు 20 నుంచి 20,000 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. బాణం సంగతి పాపం దానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. స్పీకర్లో కదిలే భాగాలున్నాయి, కొత్తలో బిగువుగా ఉండి వాడగా వాడగా కాస్త వదులవుతాయి. తీగలో కదిలేదేముంది? క్లాక్ టవర్ దగ్గర మోటార్లు వైండింగ్ చేసే అతన్ని అడిగాను, కొత్తగా చుట్టిన రాగికి ఎన్ని గంటలు మరపాలని. "వార్నిష్ ఆరాలె సార్, గంతే" అన్నాడు.

2007లో అమెరికాలో జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడు పందెం కట్టాడు. వేల డాలర్ల కేబుల్‌కీ మామూలు కేబుల్‌కీ తేడా, ఏది ఏదో చూడకుండా చెవితోనే పట్టినవాళ్లకు 10 లక్షల డాలర్లు. ఆ డబ్బు ఎవరూ పట్టుకెళ్లలేదు. మా బావకి విషయం ఆలస్యంగా తెలిసింది.

కొట్టువాడు మాత్రం ఘటికుడు. నచ్చకపోతే ఏడు రోజుల్లో వాపసు అన్నాడు. ఏడు రోజులంటే 168 గంటలు. కేబుల్ పండేది 200కి. ఆ తర్వాతా తేడా వినపడకపోతే? "మీ చెవి ఇంకా పండలేదు సార్" అంటాడట.

పోయిన యాసంగిలో కనగల్ దగ్గర మా పొలాల ట్రాన్స్‌ఫార్మర్‌ని రాత్రికి రాత్రే కిందపడేసి, ఆయిల్ ఒంపేసి, రాగి చుట్టలు ఎత్తుకుపోయారు. వరి పొట్ట మీద ఉంది. మోటార్లన్నీ ఆగిపోయాయి. మడులు నెర్రెలు బారుతుంటే రైతులు తలా రెండు వేలు వేసుకుని కొత్తదాని కోసం ఆఫీసు చుట్టూ తిరిగారు. చెవికమ్మలు కుదవపెట్టి ఇచ్చిన ఆడమనిషి ఉంది అందులో. ఇదే బావ, ఇదే పెద్దమనిషి, "ఇప్పుడు వెయ్యి తీసుకోండి, మిగతాది కోతలయ్యాక చూద్దాం" అన్నాడు. కోతలయ్యాయి. ఆ మిగతా వెయ్యి ఇంకా రాలేదు. రెండు మీటర్ల రాగికి మాత్రం 42,000! సిగ్గుండక్కర్లేదా మనిషికి?

సరే. 210 గంటలూ నిండాయి. బావ అందరినీ హాల్లో కూర్చోబెట్టి, రొద ఆపి, పాట పెట్టబోతూ అడిగాడు.

"అమ్మా, తేడా తెలుస్తోందా?"

అత్తమ్మ చెవి రిక్కించింది. మొహం వెలిగింది.

"తెలుస్తలేదా మరి! వాన వెలిసింది కొడుకా. ఆ మిరపకాయల గంప జెర పైకెక్కియ్యి."