సమాధానం చెప్పేయకండి

"కెరటానికి ముసురు తోడైతే కల్లోలమే (4)."

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను చెన్నైని ముంచి వెళ్ళాక వచ్చిన ఆదివారం, మా నలుగురి వీడియో కాల్‌లో తెర మీద ఉన్న గళ్ళ నుడికట్టు (క్రాస్‌వర్డ్) ఆధారం ఇది. చివరి అంకె సమాధానంలో ఎన్ని అక్షరాలో చెబుతుంది. మాలో ఒకావిడది శ్రీకాకుళం, ఒకాయనది అనంతపురం, నాది గుంటూరు. నాలుగో ఆవిడ చెన్నై పెరంబూరులో పుట్టి పెరిగిన తెలుగావిడ. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ చదువంతా తమిళం, ఇంగ్లీషుల్లో సాగింది. అప్పటికి ఆమెకు తెలుగు చదవడం రాదు. మేం ఆధారం పైకి చదివితే విని ఆలోచించేవారు.

చదవడం వచ్చిన ముగ్గురం ఉప్పెన, తుఫాను, సునామీ అంటూ వేళ్ళు మడుస్తున్నాం. అన్నీ మూడక్షరాల దగ్గరే ఆగిపోతున్నాయి. అనంతపురం ఆయనకు ఏదో తట్టినట్టుంది, నోరు తెరవబోయారు. "ఆగండన్నా, చెప్పొద్దు" అంది పెరంబూరు ఆవిడ. మైకు ఆన్‌లోనే ఉంది, తనలో తను గొణుక్కోవడం మాకు వినిపిస్తూనే ఉంది. "ముసురంటే వాన. మా అవ్వ ఏమనేది... జడి పట్టుకుంది, బట్టలు తీయండి అనేది. జడి. కెరటం... అల. అల, జడి... అలజడి!"

ఆ మాట నేను ఎన్ని వందలసార్లు రాసి ఉంటానో. అందులో ఒక అలా, ఒక వానా కూర్చుని ఉన్నాయని ఎప్పుడూ చూడలేదు. ఆ మాట నిజంగా అలాగే పుట్టిందా అన్నది పండితులు తేల్చాల్సిన సంగతి. నాకు మాత్రం ఆ సాయంత్రం ఒకటి అర్థమైంది. తెలుగు అక్షరాలు రాని మనిషి, చెవిలో మిగిలిన వాళ్ళ అవ్వ మాటతో, తెలుగు చదువుకున్న నాకంటే ముందు గడి నింపింది. మన చెన్నై తెలుగువాళ్ళ సంఘం పత్రికలో ఇలాంటి గళ్ళకు ఒక పేజీ ఇవ్వాలని నేను అడగడానికి మొదటి కారణం అదే.

ఇప్పుడు మన పత్రికల్లో గళ్ళు లేవని కాదు. కానీ చాలావరకు "ఫలానా సినిమా హీరోయిన్", "రావణుడి తమ్ముడు" తరహా ఆధారాలే ఉంటాయి. తెలిస్తే రాస్తాం, తెలియకపోతే వదిలేస్తాం, ఆలోచించడానికి అందులో ఏమీ ఉండదు. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన మొదటి గళ్ళకు కూడా ఆధారాలు సూటిగానే ఉండేవి. చిక్కుముడి ఆధారాలు ఆ తర్వాత ఇంగ్లండులో 1920లలో పెరిగాయి. హిందూ పేపరు పుణ్యమా అని మన చెన్నైలో పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని వాటిని విప్పే ఇళ్ళు చాలానే ఉన్నాయి. సూత్రం ఒక్కటే: ఆధారంలో ఒక చివర అర్థం ఉంటుంది, మిగతాది మాటల ఆట. "నిద్రలో వచ్చేదీ దేవుడిచ్చేదీ కలిస్తే ఆందోళనే (4)" అంటే కల, వరం కలిసి కలవరం. "రాయలసీమ ఊరు వెనక్కి తిరిగితే నిద్రపోయే చోటు (3)" అంటే కడప తిరగబడి పడక. "ఎటునుంచి నాకినా చింతపండు రుచే (3)" అంటే పులుపు.

ఇది ఇంగ్లీషువాళ్ళ ఆట, మనకెందుకు అనేవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. "మరా మరా" అంటూ కూర్చుంటే "రామ రామ" అయిందని వాల్మీకి కథ చెప్పుకునే జాతి మనది. చేత్తో చల్లి నోటితో ఏరుకునేవి ఏవని పిల్లలను అడిగి, అక్షరాలు అని చెప్పించుకున్నవాళ్ళం. అవధానంలో ఫలానా అక్షరం వాడొద్దని అడ్డుపడే నిషిద్ధాక్షరికి, ఇచ్చిన మాటలతో పద్యం చెప్పించే దత్తపదికి చప్పట్లు కొట్టేదీ మనమే. పోనీ గళ్ళ సంగతే తీసుకున్నా, ఈ ఊళ్ళో ఉండి రాసిన శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు కూర్చారు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు కట్టారు. మద్రాసు తెలుగువాళ్ళకు ఇది కొత్త విద్య కానే కాదు.

తెలుగులో గళ్ళు కట్టడం కష్టం, అది ఒప్పుకుంటాను. ఇంగ్లీషులో ఇరవై ఆరక్షరాలతో పని అయిపోతుంది, అడ్డం మాటలో ఆర్ ఉంటే నిలువు మాటలో ఎక్కడో ఒక ఆర్ దొరుకుతుంది. మనకలా కుదరదు. అడ్డంలో "రి" పడితే నిలువులోనూ "రి"నే పడాలి, "రా" వచ్చినా "ర్య" వచ్చినా పనికిరాదు. స్త్రీ ఎంత బరువైన అక్షరమైనా ఒక్క గడిలోనే ఇమడాలి. బస్ అని రాస్తే పొల్లు సకారానికి వేరే గడి ఇవ్వాలా వద్దా అని మా నలుగురి మధ్య ఒక ఆదివారమంతా వాదన నడిచింది, చివరికి ఇవ్వాలనే తేల్చుకున్నాం. ఈ ఇబ్బంది వల్లే తెలుగు కూర్పరులు "తిరగబడింది", "చెల్లాచెదురైంది" అని చెప్పి సమాధానాన్నే తలకిందులుగా గళ్ళలో పెడుతుంటారు. ఒకటి రెండు ఉంటే సరదాగానే ఉంటుంది. సగం ఆధారాలు అలాగే ఉంటే నింపేవాళ్ళకు విసుగొస్తుంది. అర్థం చెప్పకుండా ఉత్త అక్షరాలు చెదరగొట్టి వదిలేస్తే అన్యాయమని నా అభిప్రాయం. నిఘంటువు అట్టడుగునుంచి ఎవరికీ తెలియని మాట తెచ్చి పెట్టడం కూడా అంతే. తెలిసిన మాటే తెలియనట్టు నిలబడాలి, అప్పుడే దొరికినప్పుడు గుండె ఝల్లుమంటుంది.

ఇక ఆట పాడయ్యేది మరో చోట. మా నలుగురం కలవకముందు నేనొక పెద్ద గ్రూపులో ఉండేదాన్ని. తెల్లారి ఆరింటికల్లా ఎవరో ఒకరు మొత్తం నింపేసిన గళ్ళ ఫొటో పెట్టేసేవారు. వాళ్ళది చెడ్డ ఉద్దేశం కాదు, సాయం చేస్తున్నామనే అనుకునేవారు. కానీ మిగతా అందరికీ ఆ రోజు ఆట పోయేది. ఫోన్లో అడిగితే సమాధానం చెప్పే యాప్‌లు ఇప్పుడు మరీ దగ్గరికొచ్చేశాయి. అందుకే మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. దొరికినవాళ్ళు "దొరికింది" అని మాత్రం అనాలి. ఎవరైనా అడిగితే ఒక్క మెట్టు చెప్పాలి: "రెండు మాటలు కలపాలి" అనో, "వెనకనుంచి చూడండి" అనో. మాట మాత్రం బయటపెట్టకూడదు. చివరివాళ్ళకు తట్టాక, ఎలా వచ్చిందో వాళ్ళే వివరించాలి. మొదట్లో ఆ మౌనం చాలా టెన్షన్‌గా ఉండేది. ఇప్పుడు నాకు వారంలో బాగా ఇష్టమైనవి ఆ రెండు మూడు నిమిషాలే. ఆ మౌనంలోనే శ్రీకాకుళం ఆవిడ తన పల్లె మాట ఒకటి గుర్తు చేసుకుంటుంది, అనంతపురం ఆయన "మా దిక్కు దాన్ని అట్లనరు" అంటారు. ఆ రోజు ఆయన "అలజడి" అని ముందే చెప్పేసి ఉంటే, పెరంబూరు అవ్వ మాట మాదాకా వచ్చేదే కాదు.

సంపాదకులకు నా మనవి ఇది. అడ్డం తొమ్మిది, నిలువు తొమ్మిది గళ్ళ చదరం చాలు. వెనక పేజీలో సమాధానాలు వేయకండి, తర్వాతి సంచికలో వేయండి. వేసేటప్పుడు ఉత్త మాటలు కాకుండా ఎలా విప్పాలో కూడా రాయండి. పిల్లల కోసం రెండక్షరాల, మూడక్షరాల ఆధారాలు నాలుగైనా పెట్టండి. 2006 చట్టం తర్వాత తమిళనాడు బళ్ళలో తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష మన పిల్లలు నేర్చుకోవాల్సిందే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ తెలుగు అక్షరం వాళ్ళకు బళ్ళో ఎదురుపడకపోతే, ఇంకెక్కడో ఒకచోట మనమే ఎదురుపెట్టాలి. పండక్కి పిల్లాణ్ణి వేదిక ఎక్కించి పద్యం బట్టీ చెప్పించడం మంచిదే. ఆ పద్యంలోని అక్షరాన్ని వాడు వేలితో ముట్టుకుంటున్నాడా అన్నదే నా బెంగ.

పెరంబూరు ఆవిడ ఇప్పుడు కూడబలుక్కుని చదువుతున్నారు. గళ్ళలో తన మాట తనే రాసుకోవాలన్న పట్టుదలతో మొదలుపెట్టారు. పోయిన నెల తమ అబ్బాయి కోసం, మన చెన్నైలోని ఒక పేట పేరుతో, సొంతంగా ఒక ఆధారం కట్టారు: "వడపళనిలో దొరికే టిఫిన్ (2)." వాడికి తొమ్మిదేళ్ళు. తెల్లకాగితం మీద వడపళని అని ఐదక్షరాలూ లావుగా రాసి వాడి ముందు పెట్టారట. వాడు తల్లి పైకి చదవడం విని, అక్షరానికో వేలు చొప్పున లెక్కపెట్టి, మొదటి రెండూ వదిలి మిగతావాటి మీద చెయ్యి అడ్డం పెట్టి "ఇదా వడ?" అన్నాడట. ఆ రెండక్షరాలూ వాడు అప్పుడే నేర్చుకున్నాడు.

తర్వాతి శనివారం తల్లీకొడుకులు తాంబరం వెళ్ళే లోకల్ ట్రైన్ ఎక్కారు. స్టేషన్ బోర్డుల మీద తమిళం, హిందీ, ఇంగ్లీషు ఉంటాయి, తెలుగు ఉండదు. వాడు స్టేషన్ పేర్లు వింటూ కూర్చున్నాడట. పల్లవరం దగ్గర వాళ్ళమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, "అమ్మా, చెప్పొద్దు, నేనే చెప్తా, ఇందులో వరం ఉంది" అన్నాడట.