పేదలు ఒక్కొక్కరుగా రావలెను

పేదలకు సాయం చేయడాన్ని నేనెప్పుడూ వ్యతిరేకించలేదు. దుప్పట్లు పంచండి, ఫొటో దిగండి, దండ వేయించుకోండి. దానికొక మర్యాద ఉంది: ఇచ్చేవాడు మధ్యలో, పుచ్చుకునేవాళ్లు అటూ ఇటూ. నా ఫిర్యాదల్లా బస్తీల్లో సంఘాలు కట్టించే ఆ కార్యకర్త మీదే. ఫొటోలో వెతికినా కనపడదు. ఇంటింటికీ తిరిగి, గడప మీద కూర్చుని "మీ ఇబ్బందేంటమ్మా?" అంటుంది. అడిగి, తీర్చదు! పక్కింటావిడదీ అదే ఇబ్బందని చెప్పి లేచిపోతుంది. దీనికి జీతం కూడానట, వచ్చిన నెలల్లో.

కుళాయి రావడం లేదని ఒక ముసలావిడ ఒంటరిగా ఆఫీసుకొస్తే వ్యవస్థ చక్కగా నడుస్తుంది. "సారు లేరు, సోమవారం రా" అంటే వస్తుంది. పై సోమవారమూ వస్తుంది. ఆవిడకు ఓపికుంది, మనకు సోమవారాలున్నాయి. కార్యకర్త తగిలాక అదే ముసలావిడ నలభై మందితో దిగింది. అర్జీ రెండు కాపీలు తెచ్చింది. ఒకటిచ్చి, రెండోదాని మీద స్టాంపు వేసి తారీఖు రాయమంది. "మీ లీడరెవరు?" అన్నాడు అధికారి, అలవాటు కొద్దీ. లీడరంటూ ఉంటే లోపలికి పిలిచి కుర్చీ వేయొచ్చు. కుర్చీ పడ్డాక మనిషి కాస్త మెత్తబడతాడని పరిపాలన తెలిసినవాళ్లందరికీ తెలుసు. "మేమే" అన్నారు నలభై మందీ. నలభై కుర్చీలు ఏ ఆఫీసులో ఉంటాయి చెప్పండి?

కార్యకర్త ఏదీ అని చూస్తే గుమ్మం బయట ఎవరి పిల్లాణ్నో ఎత్తుకుని నిలబడి ఉంది. నోరు విప్పదు. ఎవరేం మాట్లాడాలో, సారు కసురుకుంటే ఏం చేయాలో ముందు రాత్రి రిహార్సల్ వేయించింది మాత్రం తనే. సారు పాత్ర కూడా తనే కట్టిందట. అసలు సారుకన్నా బాగా కసిరిందని వినికిడి.

ఈ రోగం నిన్నమొన్నటిది కాదు. 1939లో షికాగో కబేళాల పక్క వాడలో సాల్ అలిన్‌స్కీ అనే పెద్దమనిషి చర్చిలనీ యూనియన్లనీ ఒకచోట కూర్చోబెట్టాడు. తర్వాత అదే ఊళ్లో, విమానాశ్రయంలోని మరుగుదొడ్లన్నీ జనంతో నింపేస్తామని ఆయన వర్గం కబురు వదిలింది. ఒకడు వెళితే ప్రకృతి పిలుపు, వెయ్యి మంది వెళితే ఉద్యమం. ఆ ముచ్చట జరగకముందే పాలకులు దారికొచ్చారు.

రాజస్థాన్‌లో 1990లో పుట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం ఇంకా అన్యాయం. కూలి పనుల మస్టర్ రోళ్లు, అంటే ఎవరు పనికొచ్చారో ఎంత పుచ్చుకున్నారో రాసే హాజరు పట్టీలు, సంపాదించి, ఊరందరి ముందూ పైకి చదివించింది. బీరువాలో ఉన్నన్నాళ్లూ అవి పద్ధతైన రికార్డులే. పైకి చదివేసరికి, చనిపోయినవాళ్లు కూడా కూలి పుచ్చుకున్నట్టు తేలింది. పోయాక కూడా పలుగూ పారా వదలని ఆ శ్రమజీవులకు సన్మానం చేయాల్సింది పోయి, లెక్కలడిగారు! ఆ అడగడం ముదిరి ముదిరి 2005లో సమాచార హక్కు చట్టమై కూర్చుంది.

కార్యకర్తకూ కష్టాలు లేకపోలేదు. నిధులిచ్చేవాళ్ల ఫారంలో "లబ్ధిదారుల సంఖ్య" అని ఒక గడి ఉంటుంది. పాపం, అందులో ఏం రాస్తుంది? ఎవరికీ ఏమీ ఇవ్వలేదాయె. ముసలావిడ గొంతు వణక్కుండా మాట్లాడిందని రాయడానికి అక్కడ గడి లేదు.

ప్రజాహితం కోరి, ఆఫీసు ముందు "పేదలు ఒక్కొక్కరుగా రావలెను" అని బోర్డు పెట్టమని నేనే సలహా ఇచ్చాను. పెట్టారు. మర్నాడు నలభై మందీ వరసలో, ఒక్కొక్కరుగా, ఒకే అర్జీ పట్టుకుని వచ్చారు. ఎవరి కాపీ మీద వాళ్లకు స్టాంపు కావాలట, తారీఖుతో సహా.