సబ్‌స్క్రిప్షన్ వచ్చాక గేముల గురించి మాట్లాడుకోవడం మానేశామా?

నెలనెలా కొంత కట్టి వందల గేములు ఆడుకునే సబ్‌స్క్రిప్షన్ల మీద ఒక అభియోగం చాలాకాలంగా నోటికీ నోటికీ తిరుగుతోంది. చెప్పేవాళ్లను బట్టి మాటలు మారతాయి గానీ సారం ఇదీ: "గేములు కుప్పలు పోసి పెట్టాక ఎవరూ దేన్నీ పూర్తిగా ఆడటం లేదు. వెతికి పట్టుకునే సరదా పోయింది, హోమ్ స్క్రీన్ మీద ఏది కనిపిస్తే అదే ఆడుతున్నాం. తలా ఒకటి ఆడుతుంటే ఇక మాట్లాడుకోవడానికి ఏముంది? చిన్న స్టూడియోల అమ్మకాలు పడిపోతున్నాయి. ఇంతా చేసి మన చేతికి మిగిలేది సున్నా."

ఇలాంటి సబ్‌స్క్రిప్షన్లలో ఒకటైన మైక్రోసాఫ్ట్ గేమ్ పాస్ 2017 జూన్‌లో మొదలైంది. సోనీ తన ప్లేస్టేషన్ ప్లస్‌ను 2022లో మూడు అంచెలుగా మార్చింది. అంటే ఈ అభియోగాన్ని సరిచూసుకోవడానికి మనకు తగినన్ని ఏళ్ల అనుభవం ఉంది. చూస్తే, ఒక్క చివరి మాట తప్ప మరేదీ యథాతథంగా నిలబడదు.

ముందు "ఎవరూ పూర్తి చేయడం లేదు" సంగతి. డబ్బు పోసి కొన్నప్పుడు మాత్రం పూర్తి చేశామా? కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఏదైనా పెద్ద కథా గేమ్ అచీవ్‌మెంట్ల పేజీ, అంటే ఎంతమంది ఎక్కడిదాకా ఆడారో చూపే పేజీ, తెరిచి చూడండి. మొదటి అధ్యాయం దాటినవాళ్ల శాతం ఎంతో, ముగింపు చూసినవాళ్ల శాతం ఎంతో పక్కపక్కనే ఉంటాయి. వాళ్లంతా కొనుక్కున్నవాళ్లే. సేల్‌లో కొని ఇన్‌స్టాల్ కూడా చేయని గేముల జాబితా నా దగ్గరే చాంతాడంత ఉంది.

రుచి చూసి వదిలేయడం కూడా కొత్తగా పుట్టిన అలవాటేమీ కాదు. 1993లో డూమ్ అనే గేమ్ మొదటి భాగాన్ని ఉచితంగా పంచారు, ఎవరైనా కాపీ చేసి ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. తర్వాత పత్రికలతో పాటు డెమో సీడీలు వచ్చాయి. ఇప్పుడు స్టీమ్ కూడా, కొన్న 14 రోజుల్లోపు అడిగితే, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కిస్తుంది. అరగంట ఆడి "ఇది నాకు పడదు" అనుకునే వీలు ఆటగాళ్లకు ముప్పై ఏళ్లుగా ఉంది. కాకపోతే నిదానంగా మొదలయ్యే గేముకు ఈ పద్ధతిలో అన్యాయం జరుగుతుంది. అది కాదనను.

"వెతికి పట్టుకునే సరదా పోయింది" అనేవాళ్లు ఆ వెతకడం ఎలా ఉండేదో మరిచిపోయినట్టున్నారు. ఒక్క 2023లోనే స్టీమ్‌లోకి 14,000కు పైగా కొత్త గేములు వచ్చాయి. వాటిలో ఎవరు మాత్రం ఏం వెతుకుతారు? దుకాణం కూడా తన మొదటి పేజీలో ఏది చూపించాలో తనే తేల్చుకుంటుంది. నిజానికి మనకు నచ్చిన గేముల్లో చాలావరకు ఎవరో ఒకరు చెప్తేనే తెలిశాయి. మరి ఆ చెప్పినవాడి మాట వినడానికి ఎంత ఖర్చవుతుందన్నదే అసలు ప్రశ్న.

అవుటర్ వైల్డ్స్ అనే గేమ్ 2019లో వచ్చింది. ట్రైలర్ చూసి నేను పక్కన పెట్టేశాను. చెక్కపెట్టెలా ఉన్న అంతరిక్ష నౌక, చేతిలో తుపాకీ లేదు, లెవెల్ పెరగడం లేదు. 22 నిమిషాలకోసారి సూర్యుడు పేలిపోయి అంతా మళ్లీ మొదటికొస్తుంది (కంగారు పడకండి, ఇది స్పాయిలర్ కాదు, ఆట మొదట్లోనే మీ కళ్లముందు జరుగుతుంది). అందులో మన దగ్గర పోగయ్యేది ఒక్కటే, అంతవరకు తెలుసుకున్న సంగతులు. అలాంటి దానికి నేనైతే డబ్బు పెట్టేవాణ్ని కాదు. ఒక స్నేహితుడు, "ఏమీ చెప్పను, చెప్తే పాడైపోతుంది. నీ సబ్‌స్క్రిప్షన్‌లోనే ఉందిగా, దించి చూడు" అన్నాడు. చూశాను. ఆ తర్వాత నెల రోజులు మా ఇద్దరి మధ్య వేరే మాట లేదు.

ముందు పెట్టిందే ఆడుతున్నామన్న ఆ వాదనను ఇంతకన్నా గట్టిగా చెప్పిన మనిషి ఉన్నాడు, ఆయన్ను దాటేసి పోవడం న్యాయం కాదు. బాల్డర్స్ గేట్ 3 చేసిన లారియన్ స్టూడియోస్ అధిపతి స్వెన్ వింకె 2024 జనవరిలో, సబ్‌స్క్రిప్షనే ప్రధాన మార్గమైపోతే ఏ గేమ్ జనంలోకి వెళ్లాలో కొద్దిమందే నిర్ణయిస్తారని అన్నాడు. ఆ భయానికి ఆధారం కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ లోపలి పత్రాలు 2023లో బయటపడ్డప్పుడు, ఇదే బాల్డర్స్ గేట్ 3ని గేమ్ పాస్‌లోకి తేవడానికి 50 లక్షల డాలర్లు చాలని వాళ్లు వేసుకున్న అంచనా అందులో కనిపించింది. ఆ ఏడాది అదే గేమ్ ఎంత మోత మోగించిందో అందరికీ తెలుసు. జాబితా తయారుచేసేవాళ్ల చూపు కూడా తప్పుతుందని ఒప్పుకోవాల్సిందే. అయితే వింకె మాటలో "అయిపోతే" అనేది ముఖ్యం. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ గేములు, సేవల మీద వచ్చే ఆదాయంలో గేమ్ పాస్ వాటా 10 నుంచి 15 శాతమని, అప్పట్లో ఆ కంపెనీ గేమింగ్ విభాగాధిపతిగా ఉన్న ఫిల్ స్పెన్సర్ 2022లో చెప్పాడు. గేమ్ పాస్ సొంత ఇంట్లోనే లెక్క అలా ఉంటే, తలుపులన్నీ మూసుకుపోయాయనడం తొందరపాటు. బాల్డర్స్ గేట్ 3 కూడా ఏ జాబితాలోనూ లేకుండానే గెలిచింది కదా.

ఇక "మాట్లాడుకోవడానికి ఏముంది" అన్న మాట. నాకు అన్నిటికన్నా వింతగా తోచేది ఇదే, ఎందుకంటే నా అనుభవం దీనికి సరిగ్గా ఎదురు.

మేం నలుగురం. నెలకొకరు చొప్పున జాబితాలోంచి ఒక గేమ్ ఎంచుతాం, మిగతావాళ్లు కనీసం రెండు గంటలు ఆడాలి. తర్వాత ఒక రాత్రి వాయిస్ కాల్‌లో కూర్చుంటాం. ఇంతకుముందు కొనుక్కుని ఆడే రోజుల్లోనూ మాట్లాడుకునేవాళ్లం, కానీ ఆ మాటల్లో ఒక మెలిక ఉండేది. డబ్బు పెట్టిన గేమును ఎవరైనా తీసిపారేస్తే ఒళ్లు మండేది. బాగాలేదని లోపల తెలుస్తున్నా, దాని తరఫున వకాల్తా పుచ్చుకుని వాదించేవాణ్ని. ఒకసారి ఒక ఓపెన్ వరల్డ్ గేమ్ గురించి "ఇరవై గంటలు దాటాక అసలు మజా" అని నేనే అన్నాను. ఇరవై గంటలు దాటాక కూడా ఏమీ లేదని నాకు తెలుసు.

ఇప్పుడు ఆ బరువు లేదు. మా కాల్‌లో మొట్టమొదటి ప్రశ్న "ఎక్కడ ఆపేశావు?" అనే. ఎవరూ సిగ్గుపడరు. ఆ జవాబులోంచే అసలు చర్చ పుడుతుంది. హై-ఫై రష్ అనే గేమునే తీసుకోండి. 2023 జనవరి 25న ప్రకటించి, ఆ రోజే విడుదల చేసి, గేమ్ పాస్‌లోనూ పెట్టారు. ఊదరగొట్టిన ప్రచారం లేదు కాబట్టి ముందే ఎవరికీ ఒక అభిప్రాయమూ లేదు. అందులో దెబ్బలన్నీ సంగీతం తాళానికి పడతాయి. మాలో ఒకడికి తాళం అంటే ఏమిటో తెలియదు, మొదటి గంటలోనే చేతులెత్తేశాడు. రెండోవాడు అడ్డుపడ్డాడు: "తాళం తప్పినా దెబ్బ తగులుతుందిరా, తాళంలో పడితే ఇంకాస్త గట్టిగా తగులుతుంది, అంతే. పక్కనున్న పిల్లిని చూడు, తాళం అదే వేస్తుంది." వాడు మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా ఆడాడు. చేతకానివాణ్ని శిక్షించకుండా తాళం నేర్పడం ఎలాగన్న దాని మీద ఆ రాత్రి రెండు గంటలు వాదించుకున్నాం. ఆ గేమును నలుగురం కొనేవాళ్లమా? మహా అయితే ఒకడు కొనేవాడు, మిగతా ముగ్గురం వాడు చెప్పింది విని ఊరుకునేవాళ్లం.

తలా ఒక గేమ్ ఆడుతున్నామన్నది వాస్తవమే. దుకాణంలో కొనుక్కునే కాలంలోనూ తలా ఒకటే ఆడాం. ఇప్పుడు కనీసం "నువ్వూ చూడు" అన్నప్పుడు అవతలివాడు నిజంగా చూడగలడు. ఇందులో ఇబ్బంది పడేది సబ్‌స్క్రిప్షన్ లేనివాడు. మాకు ఐదోవాడు ఒకడు ఉండేవాడు, వాడి దగ్గర వేరే కన్సోల్. మెల్లగా దూరమయ్యాడు. ఈ లోటు గురించి ఆ అభియోగంలో ఒక్క ముక్క లేదు.

అమ్మకాల సంగతికొస్తే, ఇది సగం నిజం. గేమ్ పాస్‌లో చేరిన 12 నెలల్లో ఆ గేముల అమ్మకాలు తగ్గుతున్నాయని తన లోపలి విశ్లేషణలోనే తేలినట్టు మైక్రోసాఫ్ట్ బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థకు చెప్పింది. అది 2023లో బయటికొచ్చింది. స్వయంగా అమ్మేవాడే ఒప్పుకున్నాక దబాయించడం దండగ. మరోవైపు, 2020 ఆగస్టులో ప్లేస్టేషన్ ప్లస్‌లో ఉచితంగా ఇచ్చిన ఫాల్ గైస్ అదే నెలలో స్టీమ్ మీద 70 లక్షల కాపీలు అమ్ముడైంది. 2025 ఏప్రిల్‌లో మొదటి రోజు నుంచే గేమ్ పాస్‌లో ఉన్న క్లేర్ ఓబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 కూడా 33 రోజుల్లో 33 లక్షలు అమ్ముడైంది. ఒకచోట ఉచితంగా ఆడినవాళ్ల మాటలే ఇంకోచోట అమ్మకాలకు తోడ్పడ్డాయని నా అనుమానం. కానీ గెలిచిన గుర్రాలను చూపించి పందెం ఎప్పుడూ లాభమే అంటే ఎవరూ నమ్మరు. హై-ఫై రష్ చేసిన టాంగో గేమ్‌వర్క్స్‌ను, అన్ని పొగడ్తలు వచ్చాక కూడా, మూసేస్తున్నట్టు 2024 మేలో ప్రకటించారు. ఆ ఆగస్టులో క్రాఫ్టన్ అనే కొరియా గేమింగ్ కంపెనీ ముందుకొచ్చి తీసుకుంది కాబట్టి సరిపోయింది. మనం ఎంత మాట్లాడుకున్నా అది స్టూడియోకు జీతాలు కట్టదు.

చేతికి మిగిలేది సున్నా అన్నది మాత్రం నిజం. డిజిటల్‌గా కొన్నది కూడా నిజానికి లైసెన్సే అని వాదించవచ్చు గానీ, కొన్న గేమ్ నెల తిరగ్గానే మాయమవదు. పోయిన నెల మేం ఎంచుకున్నది సగంలో ఉండగానే జాబితాలోంచి వెళ్లిపోయింది. తీసేస్తామని రెండు వారాల ముందే ప్రకటించారట, మాలో ఒక్కడూ గమనించలేదు. ఒకడు కొనుక్కుని పూర్తి చేశాడు. ఇద్దరు వదిలేశారు. నా సేవ్ ఫైల్ మూడో అధ్యాయంలో ఒక తాళం వేసిన తలుపు ముందు ఆగి ఉంది. కొన్నవాడు తలుపు అవతల ఏముందో చెప్తానంటున్నాడు, నేను వద్దంటున్నాను.