ఇంగ్లిష్ 'ఎస్' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎస్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేం క్షేమం కాదు. మీ పుణ్యమా అని ఇవాళ మధ్యాహ్నమంతా ఒక కౌంటర్ ముందు నిలబడ్డాను. నా పేరు శేషశాయి. సర్టిఫికెట్‌లో మీరు మూడుచోట్లా ఉన్నారు, నడుమ మాత్రం హెచ్ గారిని తోడు తెచ్చుకున్నారు. పాస్‌బుక్‌లో మూడుచోట్లా హెచ్ గారే. కొత్త కార్డులో తెలుగులో 'సేషసాయి' అని దిగింది. "ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ తెండి అంకుల్" అన్నాడు కౌంటర్ కుర్రాడు.

తాలవ్య శ, మూర్ధన్య ష, దంత్య స. మాకు బెత్తంతో నేర్పారండీ. ఆ మూడు కుర్చీల్లోనూ తమరొక్కరే కూర్చుంటే ఎలా? పోనీ హెచ్ ఉంటే శ అనుకుందామా? శంషాబాద్‌లో శకీ, షకీ అదే జంట. విశాఖపట్నం, శ్రీకాకుళం బోర్డుల మీద అదే శకి తమరు ఒంటరిగా వస్తారు.

సొంతింట్లో మాత్రం మీ వరస ఏం బాగుంది? షుగర్‌లో ష, రోజ్‌లో జ, ఐలాండ్‌లో మౌనవ్రతం. హంగరీలో ఒంటరిగా ఉంటే ష, పక్కన జెడ్ ఉంటే స. అందుకే వాళ్లకది బుడాపెష్ట్. పోలండ్‌లో సరిగ్గా దీనికి తలకిందులు! బెంగాలీలకు అక్షరాలు మూడున్నా నోట్లో చాలావరకు ష ఒక్కటే. ఉర్దూలో స ఒక్కదానికే మూడక్షరాలు. ఎవరి నోరు వాళ్లిష్టం, నేనేమీ అనను. మావాళ్లు మాత్రం శనగల్ని సెనగలనడం లేదూ?

కానీ ఫారం మీద నేను పేరు తెలుగులో రాసిచ్చాను! గుండ్రంగా, విడివిడిగా, శేషశాయి అని. దాన్ని చూసి ఎక్కించడానికి ఏం రోగం? "ఇంగ్లిష్‌లో కొడితే తెలుగు దానంతటదే వచ్చేస్తుందండీ, మా చేతిలో ఏం లేదు" అట. తెలుగు ఊళ్లో, తెలుగు కుర్రాడు, తెలుగు పేరును ఇంగ్లిష్‌లోకి పంపి, అక్కడ శలు రెండూ పోగొట్టి, మిగిలింది మళ్లీ తెలుగులో నా చేతిలో పెడతాడా? సరిదిద్దమంటే ప్రూఫ్ కావాలట. కళ్లెదుట ఫారం ఉంది కదయ్యా! దాన్ని ప్రూఫ్ కింద తీసుకోరట.

రేపు నోటరీ దగ్గరికి వెళ్లాలి. తమరూ హెచ్ గారూ కలిసొచ్చినా, తమరొక్కరే వచ్చినా ఆ మనిషిని నేనేనని స్టాంపు పేపర్ మీద ప్రమాణం చేయాలి. ఆ ఖర్చు తమరు పెట్టుకుంటారా, హెచ్ గారిని అడగమంటారా?

ఇట్లు,
శేషశాయి