సవరణ: స్నీక్ అటాక్‌కి దాక్కోవాల్సిన పని లేదు

పాత్రలు ధరించి పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 2014 నాటి ఐదో ఎడిషన్‌లో, రోగ్ (దొంగలాంటి చురుకైన పాత్ర) దాక్కుని కొడితేనే స్నీక్ అటాక్, అంటే అదనపు పాచికల దెబ్బ, పడుతుందని నిన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. దాక్కుంటే అడ్వాంటేజ్ వస్తుంది, అంటే 20 ముఖాల పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవచ్చు. అది ఒక దారి మాత్రమే. శత్రువుకి 5 అడుగుల లోపు మీ జట్టువాళ్లు ఒకరు పోరాడగల స్థితిలో ఉండి, మీకు డిసడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి చిన్న అంకె తీసుకోవాల్సి రావడం) లేకపోతే చాలు. పట్టపగలు ఎదురుగా నిలబడి కూడా కొట్టొచ్చు! ఆయుధం మాత్రం విల్లులా దూరం నుంచి కొట్టేదో, బాకులాంటి ఫినెస్ (బలం బదులు చురుకుదనంతోనూ వాడగల) రకమో అయ్యుండాలి.

స్నీక్ అటాక్ 'రౌండుకి ఒకసారి' అని రాసిందీ పొరపాటే. టర్నుకి ఒకసారి. రౌండంటే అందరి వంతులూ ఒకసారి పూర్తవడం, టర్నంటే అందులో ఒక్కరి వంతు. అందుకే శత్రువు పక్కనుంచి తప్పుకుంటుంటే రియాక్షన్‌తో, అంటే వాడి వంతులోనే మీరు స్పందించి, వేసే బాకు దెబ్బకీ, షరతులు కుదిరితే, అదనపు పాచికలు వస్తాయి.

నా మాట నమ్మి ఆట నడిపే డంజన్ మాస్టర్ ఎవరైనా రోగ్ పాచికలు ఆపి ఉంటే, దయచేసి తిరిగి ఇవ్వండి. క్షమించండి.