సంచుల కాపలా ఆట కాదు

వాట్సాప్‌లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. వైకల్యం ఉన్న పిల్లలను బడి ఆటల్లో కలిపితే వాళ్లకు ప్రమాదమట, మిగతావాళ్లకు ఆట పాడట. పైగా వాళ్లకు పారా పోటీలు వేరే ఉన్నాయట, బడికెందుకీ తలనొప్పి అని ముక్తాయింపు.

ముందు ప్రమాదం సంగతి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరికి మెడ పైభాగంలో ఎముకల పట్టు తక్కువగా ఉంటుంది కాబట్టి పల్టీలు కొట్టించే ముందు డాక్టరును అడగాల్సిందే. వినికిడి లేని అమ్మాయి పరుగు పందెంలో నిలబడితే? ఈలకు బదులు జెండా ఊపితే సరి, చేతిరుమాలైనా చాలు. ఏ బిడ్డకు ఏది కుదరదో తెలుసుకోవడం వ్యాయామ ఉపాధ్యాయుడి పని. అందరినీ కలిపి వరండాలో కూర్చోబెట్టి సంచులకు కాపలా పెట్టడం ఆ పనిని ఎగ్గొట్టడమే.

నియమాలు మారిస్తే ఆట పాడవుతుందట! గోడ దాటితే అవుట్ అంటూ వీధి కొలతకు క్రికెట్‌ను కుదించుకున్న మనమేనా ఈ మాట అనేది? అంధుల క్రికెట్‌లో గలగలమనే బంతిని చేయి భుజం పైకి లేపకుండా వేస్తారు. చూపు బొత్తిగా లేని బ్యాటర్ పరుగులను రెట్టింపుగా లెక్కిస్తారు. అక్కడ ఎవరూ ఆటలో అరటిపండు కారు. ఆ ఆటలోనే ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి అర్జున అవార్డు అందుకున్నారు.

ఇక "వేరే పోటీలు ఉన్నాయి కదా" అన్న మాట. సందేశంలో అన్నిటికన్నా నమ్మించేదీ, అన్నిటికన్నా డొల్లదీ ఇదే. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తికి మేధోపరమైన వైకల్యం ఉంది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆమె ముందుగా కంటపడింది ఏ పారా పోటీలోనో కాదు, బడి పిల్లల పోటీల్లో, ఒక వ్యాయామ ఉపాధ్యాయుడికి. పారా విభాగం ఆ తర్వాతి మాట. ఆ రోజు ఆమెను కూడా సంచుల దగ్గర కూర్చోబెట్టి ఉంటే ఆ పరుగు ఎవరికి తెలిసేది? అయినా పతకం రాని పిల్లలకూ ఆడుకోవాలనే ఉంటుంది.

తలనొప్పి అంటారా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చదవండి. ప్రభుత్వ నిధులో గుర్తింపో పొందిన విద్యాసంస్థల్లో చదువుతోపాటు ఆటల అవకాశాలూ మిగతావారితో సమానంగా ఉండాలంటుంది. వైకల్యం ఉన్న మీ బిడ్డను ఆటల పీరియడ్‌లో వరండాకు పంపితే, ఏ నియమం ప్రకారం పంపారో రాతపూర్వకంగా ఇవ్వమని బడిని అడగండి.